నీటిని లెక్క కట్టిన మనిషి: నవాబ్ అలీ నవాజ్ జంగ్ జీవితం – మన మడిలో నీరు, యూరియా

తెలంగాణ ఇంజినీర్స్ డే (జులై 11) సందర్భంగా రైతులకు ప్రత్యేక వ్యాసం



జులై నెల వచ్చిందంటే మన పెద్దవంగర మండలంలో ఏ ఊరికి పోయినా రెండే ప్రశ్నలు ఎదురవుతాయి. నీళ్లు ఎప్పుడొస్తాయి సారూ? యూరియా ఎప్పుడొస్తది సారూ? నారు మడిలో ఉంటుంది, దుక్కి ఆగి ఉంటుంది, మబ్బు దోబూచులాడుతుంటుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే, జులై 11న, నీటి లెక్క తెలిసిన ఒక పెద్దమనిషి పుట్టినరోజు వస్తుంది. 2014 నుంచి మన రాష్ట్రంలో ఆ రోజును ఇంజినీర్స్ డేగా జరుపుకుంటున్నాం. ఆఫీసుల్లో ఫొటోకు దండ వేస్తారు, నాలుగు మాటలు చెప్తారు, అంతటితో అయిపోతుంది. పొలంలో నీళ్లు పెట్టే రైతుకు మాత్రం ఆయన ఎవరో తెలియదు. ఆ లోటు కొంతైనా తీరాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆయన జీవితం చదవండి. చివర మన మడికి పనికొచ్చే లెక్క కూడా చెప్తాను. రెండూ ఒకటే సంగతి అని మీకే తెలుస్తుంది.

చెరువుల నేలలో పుట్టిన ఇంజినీరు

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాద్‌లో పుట్టారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అన్నది తర్వాత నిజాం ప్రభుత్వం ఇచ్చిన బిరుదు. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్‌లో, మదర్సా-ఎ-ఆలియాలో, ఆ తర్వాత నిజాం కాలేజీలో చదువుకున్నారు. చదువులో ముందున్న విద్యార్థి కాబట్టి 1896లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ దొరికింది. ఇంగ్లండ్ వెళ్లి కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. భారతదేశంలో రోడ్లు, కాలువలు, ఆనకట్టలు కట్టే ఇంజినీర్లను తయారు చేయడానికే పెట్టిన కాలేజీ అది.

ఆయన చదువుకునే నాటికి నీటి విషయంలో తెలుగు నేల రెండు తీర్లుగా ఉంది. కోస్తాలో ధవళేశ్వరం ఆనకట్ట, బెజవాడ ఆనకట్ట వచ్చి అప్పటికే నలభై ఏళ్లు దాటింది. అక్కడ కాలువ నీళ్ల కింద వరి పండుతోంది. మన వైపు కాకతీయుల నాటి చెరువులే ఆధారం. పాకాల చెరువు, మన జిల్లాలోని బయ్యారం పెద్ద చెరువు ఆ కాలం పనులే. ఒక చెరువు అలుగు పోస్తే కింద చెరువు నిండే గొలుసు అది. వాన పడ్డ ఏడు ఊరంతా పచ్చగా ఉండేది. వాన తప్పిన ఏడు తైబందీ చేసి, ఉన్న నీటికి ఎన్ని ఎకరాలు పారుతుందో ముందే లెక్క కట్టి, అంతే నాటుకునేవారు. తైబందీ అన్న మాట మన తాతలకు బాగా తెలుసు. మనం మరిచిపోయాం.

1899లో ఆయన చదువు ముగించుకొని తిరిగివచ్చి హైదరాబాద్ రాష్ట్ర పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. అదే ఏడు రుతుపవనాలు తప్పాయి. దేశంలో చాలా ప్రాంతాలతో పాటు హైదరాబాద్ రాష్ట్రం కూడా కరువులో పడింది. ఉద్యోగం మొదలుపెట్టిన కుర్ర ఇంజినీరుకు నీళ్లు లేకపోతే ఏమవుతుందో పాఠం అలా మొదలైంది.

వరద నేర్పిన పాఠం

తొమ్మిదేళ్లు తిరక్కుండానే నీళ్లు ఎక్కువైతే ఏమవుతుందో కూడా చూడాల్సి వచ్చింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేల మంది చనిపోయారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. నగరం పైన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచాలని ఆయన సూచించారు. అలా వచ్చినవే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్.

1918లో అలీ నవాజ్ జంగ్ రాష్ట్రానికి చీఫ్ ఇంజినీరు అయ్యారు. అంతవరకు పెద్ద పనులకు బయటి ఇంజినీర్లే దిక్కు. ఈ నేలలో పుట్టి, ఇక్కడి చెరువులూ రాళ్లూ తెలిసిన మనిషి చేతికి ఇప్పుడు శాఖ వచ్చింది. ఆయన కాలంలోనే నగరంలో పెద్ద భవనాలు లేచాయి. రైతుగా మనకు కావలసింది మాత్రం ఆయన నగరం బయట చేసిన పని.

మంజీర మీద నిజాంసాగర్

మంజీర నది మెదక్ దాటి నిజామాబాద్ వైపు పోయే దారిలో అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల మధ్య రాతికట్టుతో ఆనకట్ట కట్టాలని నిర్ణయించారు. ఇప్పుడది కామారెడ్డి జిల్లా. 1923లో పని మొదలైంది. 1931లో పూర్తయింది. కట్ట పొడవు సుమారు 3 కిలోమీటర్లు. నేటి యంత్రాలు లేని రోజులు. రాయి కొట్టింది మనుషులు, మోసింది మనుషులు, ఎడ్ల బండ్లు. సుమారు 40 గ్రామాలు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఒక పెద్ద జలాశయం నిండిందంటే కింద ఎవరిదో ఇల్లు, ఎవరిదో చేను, ఎవరిదో దేవుని గుడి మునిగిందని అర్థం. మన కాలువకు వచ్చే ఏ ప్రాజెక్టు నీళ్లకైనా ఈ మాట వర్తిస్తుంది.

నిజాంసాగర్ మొదటి సామర్థ్యం 29.72 టీఎంసీలు. దాని కింద 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలని లెక్క. ఇక్కడ కొంచెం ఆగండి. భాగిస్తే టీఎంసీకి తొమ్మిది వేల పైచిలుకు ఎకరాలు వస్తుంది. మధ్యలో వచ్చే వరదనూ, పొలం మీద పడే వాననూ కలుపుకున్నా, ఎకరాకు ఇంతే నీళ్లు అని గిరి గీసి వేసిన లెక్క అది. ఎవరి మడిలో వాళ్లు మోకాలి లోతు నిలబెట్టుకుంటే ఆ లెక్క కుదరదు. చెరకు, వరి, ఆరుతడి పంటలు పంచుకుంటేనే కుదురుతుంది.

నీళ్లు వచ్చాక ఇంకో సంగతి జరిగింది. అప్పటిదాకా వానమీద, చిన్న కుంటమీద బతికిన ప్రాంతంలో కాలువ సేద్యం తెలిసిన రైతులు తక్కువ. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. నిజామాబాద్ వైపు క్యాంపులు అని పిలిచే ఊళ్లు అలా పుట్టినవే. తర్వాత బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. కట్ట కట్టడం ఇంజినీరు పని. కాలువ నీటిని పంటగా మార్చే నేర్పు మాత్రం రైతుదే. ఆ నేర్పు లేని చోట కాలువ ఉండీ లాభం లేదు.

మన వైపు చేసిన పనులు

ఖమ్మం ప్రాంతంలో పాలేరు, వైరా జలాశయాలు కూడా ఆయన హయాం పనులే. అప్పట్లో ఆ ప్రాంతమంతా వరంగల్ కిందే ఉండేది. పాలేరు జలాశయాన్ని తర్వాతి కాలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ వ్యవస్థలో కలిపారు. అంటే వందేళ్ల కిందట కట్టిన కట్ట నేటికీ పనిలో ఉంది.

ఆయన పేరు రాష్ట్రం దాటి పోయింది. 1929లో సింధులో సుక్కూరు బ్యారేజీ పనిని పరిశీలించమని బొంబాయి ప్రభుత్వం విశ్వేశ్వరయ్యతో పాటు ఆయనను కూడా పిలిచింది. తుంగభద్ర నీటి మీద మద్రాసు ప్రభుత్వంతో జరిగిన చర్చల్లో హైదరాబాద్ తరఫున కూర్చున్నారు. 1938లో కాంగ్రెస్ ఏర్పాటు చేసిన జాతీయ ప్రణాళికా సంఘానికి నెహ్రూ అధ్యక్షులైతే, నదులు, నీటిపారుదల ఉపసంఘానికి అలీ నవాజ్ జంగ్ అధ్యక్షులు. సంస్థానంలో పనిచేసిన ఇంజినీరు దేశం మొత్తం నీటి గురించి ఆలోచించే స్థానానికి చేరారు.

1949 డిసెంబర్ 6న ఆయన కన్నుమూశారు. గోదావరి మీద పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1963లో. ఆ నీళ్లు కాకతీయ కాలువ మీదుగా వరంగల్ వైపు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆయన అది చూడలేదు. కాలువ తవ్విన వాళ్లలో చాలామంది దాని కింది పంట చూడకుండానే పోతారు.

కట్ట వెనక పేరుకున్న మట్టి

ఈ కథలో ఒక చేదు భాగం ఉంది, అది కూడా చెప్పాలి. నిజాంసాగర్ కట్టిన నలభై ఏళ్లకే పూడికతో సగానికి పైగా నిండింది. 29.72 టీఎంసీలు పట్టే జలాశయం 1970లు వచ్చేసరికి 12 టీఎంసీల లోపుకు పడిపోయింది. తర్వాత గేట్ల ఎత్తు పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చారు. కట్టలో లోపం కాదు, లెక్క రాక కాదు. పైనున్న భూముల నుంచి కొట్టుకొచ్చిన మట్టి అది. పైన చేను దున్నిన రైతుకు తన మట్టి ఎక్కడికి పోయిందో తెలియదు. కింద కాలువ చివర ఉన్న రైతుకు తన నీళ్లు ఎందుకు తగ్గాయో తెలియదు. ఇద్దరి మధ్య ఉన్న సంబంధం ఎవరికీ కనబడలేదు.

ఇక మన మడి సంగతికి వస్తాను. అక్కడ జరిగేది కూడా ఇదే.

నేను చేసిన తప్పు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రైతు అడిగితే పంట రంగు చూసి, ఇంకో సంచి వేయండి అనేవాణ్ణి. పచ్చగా కనిపిస్తే నాకు మంచి పేరు. ఒక వానాకాలం ఒక రైతు నా మాట విని నిండా నీళ్లున్న మడిలో యూరియా చల్లాడు. రెండో రోజు వాన. ఒడ్డు దాటి నీళ్లు కింది మడిలోకి పోయాయి. పదిరోజుల తర్వాత పోయి చూస్తే పైన వేసిన రైతు పొలం మామూలుగానే ఉంది, సంచి కొనని కింది రైతు పొలం నల్లగా తిరిగింది. పైరైతు మళ్లీ ఒక సంచి వేశాడు. కింది రైతు పంటకు నత్రజని ఎక్కువై దోమపోటు తగిలింది, గాలివానకు పడిపోయింది. ఒకే యూరియా, ఇద్దరికీ నష్టం. తప్పు నాది. ఎన్ని కిలోలు వేయాలో చెప్పాను, ఎంత నీళ్లలో వేయాలో చెప్పలేదు.

అప్పటి నుంచి నీరు, యూరియా విడివిడిగా చెప్పడం మానేశాను.

అసలు యూరియా ఎటు పోతుంది

మనం వరిలో వేసే నత్రజనిలో పైరు తీసుకునేది మూడో వంతు నుంచి నలభై శాతం లోపే. మిగతాది మూడు దారుల్లో పోతుంది. నిండుగా నిలిచిన నీళ్లలో చల్లితే కరిగి నాలుగైదు రోజుల్లో అమ్మోనియా వాయువుగా గాలిలో కలుస్తుంది. ఒడ్డు తెగినా, వాన పడినా నీళ్లతో కొట్టుకుపోతుంది. తేలిక నేలల్లో నీళ్లతో పాటు వేళ్లకు అందని లోతుకు దిగిపోతుంది. మూడింటికీ కారణం నీటి యాజమాన్యమే. 266 రూపాయల యాభై పైసల సంచి కోసం తెల్లవారుజాము నుంచి క్యూలో నిలబడి, తెచ్చిన దాంట్లో సగానికి పైగా గాలికీ కాలువకూ ఇస్తున్నాం.

నీటి లెక్క కూడా ఒకసారి చూడండి. ఎకరంలో ఒక అంగుళం నీళ్లు నిలబడితే దాదాపు లక్ష లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. రెండు అంగుళాలు చాలిన చోట నాలుగు అంగుళాలు పెడితే నలభై ట్యాంకర్ల నీళ్లు అదనం. కాలువ కిందైతే అది చివరి ఆయకట్టు రైతు వాటా. బోరు కిందైతే వచ్చే యాసంగిలో మీ వాటాయే.

ఈ వానాకాలం మనం చేయాల్సిన లెక్క

• వానాకాలం వరికి ఎకరాకు నత్రజని 40 నుంచి 48 కిలోలు చాలు. దీర్ఘకాలిక రకాలకే 48. భూసార పరీక్ష చేయించిన వారు ఆ కార్డు ప్రకారం తగ్గించుకోండి.

• డీఏపీ వేసిన వారు అందులోని నత్రజనిని తప్పక లెక్కలోకి తీసుకోండి. 50 కిలోల డీఏపీ సంచిలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఆఖరి దమ్ములో ఎకరాకు ఒక డీఏపీ వేస్తే, 48 కిలోల మోతాదుకు ఇంకా కావలసింది 39 కిలోలే. 45 కిలోల యూరియా సంచిలో 20 కిలోల 700 గ్రాముల నత్రజని ఉంటుంది. అంటే రెండు సంచులకు కొంచెం తక్కువే సరిపోతుంది. మూడో సంచి, నాలుగో సంచి పురుగుకూ తెగులుకూ పెట్టే మేత.

• యూరియాను ఒకేసారి కాకుండా మూడు దఫాలుగా వేయండి: ఆఖరి దమ్ములో ఒకటి, పిలకలు వేసే దశలో ఒకటి, అంకురం తొడిగే దశలో ఒకటి. దమ్ములో డీఏపీ వేసినవారు ఆ దఫా యూరియాను అంతమేర తగ్గించుకోండి. పొట్ట దశ దాటాక యూరియా వేయకండి.

• యూరియా చల్లే ముందు మడిలో నీళ్లు తీసేయండి. బురద పదునులో చల్లండి. మడవలు గట్టిగా మూయండి. 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి. వాన వచ్చేట్టు ఉంటే ఆ రోజు చల్లకండి. ఒక్క రోజు ఆగితే నష్టం లేదు.

• నాటిన తర్వాత మూన కుదురుకునే వరకు పలుచగా నీరు ఉంచండి. పిలకల దశలో రెండు అంగుళాలకు మించి నీరు నిలపకండి. నీరు ఎక్కువైతే పిలకలు తగ్గుతాయి.

• బోరు కింద వరి వేసేవారు ఆరుతడి పద్ధతి చేయండి. అడుగున్నర పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది భాగంలో రంధ్రాలు చేసి మడిలో పాతండి. గొట్టంలో నీరు నేల మట్టం నుంచి సుమారు 15 సెంటీమీటర్ల లోతుకు దిగినప్పుడే మళ్లీ తడి ఇవ్వండి. నల్లరేగడిలో నెర్రెలు పడనివ్వకండి. చిరుపొట్ట నుంచి పాలు పోసుకునే దశ వరకు మాత్రం నీరు తగ్గనివ్వకూడదు. కోతకు వారం పది రోజుల ముందు నీరు తీసేయండి.

• మక్క వేసిన వారికి ఒక్క మాట. మోకాలెత్తు దశలో, పూత దశలో యూరియా, తడి కలిసి రావాలి. యూరియాను మొక్కకు పక్కన మట్టిలో వేసి కప్పి వెంటనే తడి ఇవ్వండి. పైపైన చల్లి వదిలేస్తే ఎండకు ఆవిరైపోతుంది. పూత, గింజ పాలు పోసుకునే దశల్లో బెట్ట తగిలితే ఎంత యూరియా వేసినా కంకి నిండదు.

• ఉత్తరాది రైతులు గోధుమలో ఇదే సూత్రం పాటిస్తారు. విత్తిన 21 రోజులకు దుబ్బు దగ్గర కొత్త వేర్లు పుట్టే దశలో మొదటి తడి, దానితోపాటే యూరియా దఫా. ఆ తడి తప్పితే తర్వాత ఎన్ని తడులిచ్చినా దిగుబడి పూర్తిగా తిరిగిరాదు. పంట ఏదైనా వేళ్లు అడిగిన రోజున నీరూ నత్రజనీ కలిసి ఇవ్వాలి.

ఆయన మనకు వదిలిన పని

అలీ నవాజ్ జంగ్ పొలంలో దిగి నాటు వేసిన మనిషి కాదు. యూరియా సంచి మన పల్లెలకు చేరక ముందే ఆయన పని ముగిసింది. ఆయన చేసింది ఒకటే: నది ఎంత ఇస్తుంది, భూమి ఎంత అడుగుతుంది అని లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారం కట్ట, తూము, కాలువ నిలబెట్టారు. తూము దాటిన తర్వాత లెక్క రైతు చేతికి వస్తుంది. అక్కడ ఏ ఇంజినీరూ లేడు. మీ మడవే మీ తూము. మీరే దాని చీఫ్ ఇంజినీరు.

ఈ వారం ఒక పని చేయండి. మీ పొలం ఒడ్లన్నీ ఒకసారి చుట్టి రండి. ఎక్కడ గండి ఉందో, ఎక్కడ ఎండ్రకాయ బొరియ ఉందో చూసి మూయండి. గట్టు గట్టిగా లేని మడిలో యూరియా చల్లడమంటే పక్కవాడి పొలానికి మీ డబ్బులు పంపడమే. ఒక ఊళ్లో పైరైతు, కింది రైతు కూర్చొని ఏ రోజు ఎవరు యూరియా చల్లాలో మాట్లాడుకుంటే ఇంకా మంచిది. మన తాతలు తైబందీ చేసుకున్నట్టే.

సందేహాలుంటే మీ క్లస్టర్ రైతు వేదికకు రండి. భూసార పరీక్ష కార్డు, పొలం పాసుపుస్తకం వెంట తెచ్చుకుంటే మీ ఎకరాల ప్రకారం ఎన్ని సంచులు కావాలో అక్కడే లెక్క వేసి రాసిస్తాం. అవసరమైనదాని కంటే ఒక్క సంచి తక్కువ తీసుకెళ్లినా, ఆ సంచి క్యూలో మీ వెనక నిలబడ్డ రైతుకు అందుతుంది.

– వ్యవసాయ విస్తరణ అధికారి, పెద్దవంగర మండలం, మహబూబాబాద్ జిల్లా